చిటికెడు పట్టు

పాట వినేటప్పుడు మనం మాటలు వింటాం, గొంతు వింటాం, తీరిగ్గా ఉంటే వయొలిన్లూ వేణువూ కూడా వింటాం. అడుగున గుమ్‌గుమ్మంటూ నడిచే దాని జోలికి మాత్రం ఎవరం పోం. అది ఒక్క క్షణం ఆగిందంటే చాలు, పాట కాలుజారినట్టు అనిపిస్తుంది. ఏం పోయిందో తెలీదు కానీ ఏదో పోయిందని తెలుస్తుంది. ఆ నడిచేదే బేస్ గిటార్. యాభై తొమ్మిదేళ్ళొచ్చాక నేను నేర్చుకుంటున్నది అదే.

నవ్వుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోవచ్చు. మా ఆడపడుచు అయితే ఫోనులో పదినిమిషాలు నవ్వి, "వదినా, జీన్సు ప్యాంటు కూడా కుట్టించుకున్నావా?" అని అడిగింది. అక్కర్లేదు, నేతచీరతోనే వాయించుకోవచ్చు. పమిటకి పిన్ను మాత్రం పెట్టకూడదు. గిటారు పట్టీ సరిగ్గా దాని మీదే కూర్చుని భుజంలోకి దిగేస్తుంది.

సరదాకి మొదలుపెట్టిన పని కాదిది. తొమ్మిదో ఏటినుంచి వీణ వాయించిన చెయ్యి నాది. కచేరీలూ గిచేరీలూ ఏమీ లేవు. పేరంటాలకీ, దసరా పూజలకీ, మా ఇంట్లో సాయంత్రాలకీ సరిపోయే విద్య. నాలుగేళ్ళ కిందట కుడిచేతి నడిమివేలు మొండికేసింది. పొద్దున్నే లేచి చూసుకుంటే మడిచిన వేలు మడిచినట్టే ఉండేది. ఎడంచేత్తో పట్టి లాగితే టక్కున లేచేది. తుపాకీ మీట నొక్కినట్టు ఉంటుంది కనక దాని పేరే ట్రిగర్ ఫింగర్ అన్నారు డాక్టరుగారు. వేలిని మడిచే స్నాయువు తాడులాగా ఒక సన్నటి గొట్టంలోంచి జారుతూ ఉంటుందట. అక్కడ వాచి ఇరుకైతే, బావి గిలకలో తాడు ముడి ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటుంది. నలభై దాటిన ఆడవాళ్ళలోనూ, చక్కెరజబ్బు ఉన్నవాళ్ళలోనూ ఎక్కువట. నాకు రెండు అర్హతలూ ఉన్నాయి.

సూదిమందు వేస్తే కొన్ని నెలలు బాగుంది, మళ్ళీ మొదలైంది. "ఆపరేషన్ చిన్నదే, తొందరేం లేదు. ఈలోగా పిడికిలి బిగించే పనులు మానండి" అన్నారాయన. చీపురు, చపాతీ కర్ర, తడిబట్టలు పిండడం. మానమని చెప్పడం డాక్టర్ల ధర్మం, మానలేకపోవడం మన ధర్మం. వీణ మాత్రం మానాల్సే వచ్చింది. చూపుడువేలూ నడిమివేలూ ఒకదాని వెనక ఒకటి మీటాలి, అందులో ఒకటి మధ్యదారిలో నిలబడిపోతే రెండో కాలంలో సరళీస్వరాలు కూడా నడవవు. మా నాన్నగారు కొనిచ్చిన బొబ్బిలి పనసచెక్క వీణకి గవిసెన తొడిగి ముందుగదిలో ఒక మూల పెట్టేశాను. ఆ మూలవైపు చూడకుండా గది ఊడవడం అలవాటు చేసుకున్నాను.

బేస్ గిటార్ నా కంటబడింది సంక్రాంతి బొమ్మల పెట్టె కోసం అటక మీద వెతికించినప్పుడు. మా అబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో కొనిపించుకుని, ఉద్యోగం రాగానే అటకెక్కించి బెంగుళూరు వెళ్ళిపోయిన వస్తువు అది. దుమ్ము తుడిచి చూస్తే నాలుగే తీగలు, మెట్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. వీణకీ వాయించే తీగలు నాలుగే కదా!

మా వెనకవీధి చర్చిలో ఆదివారాలు బేస్ వాయించే కుర్రాడున్నాడు. మిగతా రోజుల్లో సెల్‌ఫోన్ల కొట్లో పని. మా గుంటూరులో ఏ పేటకి వెళ్ళినా ఒక చర్చీ దానికో పాటల జట్టూ ఉంటాయి కనక గిటారు తెలిసినవాళ్ళకి కరువు లేదు. కబురు పెడితే వచ్చాడు. తుప్పుపట్టిన తీగలు తీసేసి కొత్తవి కట్టి, చెవులు మెలిపెట్టి శ్రుతి చేసి, "ఆంటీ, దీన్ని ఎక్కువమంది వేళ్ళతోనే వాయిస్తారు. చూపుడువేలు, నడిమివేలు, మార్చి మార్చి" అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. వేలు చూపించాను. కాసేపు ఆలోచించి జేబులోంచి మూడు మూలల బిళ్ళ ఒకటి తీశాడు. "అయితే పిక్‌తో నేర్చుకోండి ఆంటీ. దీనికి బొటనవేలూ చూపుడువేలూ ఉంటే చాలు."

వీణకీ దీనికీ ఉన్న చుట్టరికం తీగల లెక్కతోనే అయిపోయిందని చెప్పాలి. ఇది నాలుగు కిలోల బరువు. తీగ మోగే పొడవు 34 అంగుళాలు. అన్నిటికన్నా లావు తీగ రెండున్నర మిల్లీమీటర్ల పైమాటే, చిన్నపాటి బట్టలతాడు. అది సెకనుకి 41 సార్లు కదులుతుంది. అంత మంద్రం సెల్‌ఫోను స్పీకరుకి పలకనే పలకదు. అందుకే ఫోనులో పాట వింటే బేస్ ఉన్నట్టే అనిపించదు. ఒక తీగనుంచి పక్క తీగకి దూరం షడ్జమం నుంచి మధ్యమానికి ఉన్నంత, అన్నిటి మధ్యా అంతే. ఇక కరెంటు పెట్టెకి తగిలించకపోతే దీని చప్పుడు పక్కగదిలోకి కూడా రాదు. పెట్టె అరువు దొరికేదాకా ఓ పదిరోజులు అలాగే సాధన చేశాను. మావారు పేపరు చదువుకుంటూ, "సంసారపక్షంగా ఉందోయ్ నీ వాయిద్యం" అని మెచ్చుకున్నారు.

పిక్ అంటే వేలికి బదులు తీగని మీటే ముక్క. మనకి కొత్తేమీ కాదు. సితారు వాయించేవాళ్ళు వేలికి మిజ్రాబ్ అని తీగ ఉంగరం తొడుక్కుంటారు. సరోద్‌కి కొబ్బరిచిప్ప ముక్క వాడతారు, దాన్ని జవా అంటారు. గిటారు వాళ్ళు ఒకప్పుడు సముద్రపు తాబేలు చిప్పతో చేయించుకునేవారు. ఆ తాబేళ్ళు అంతరించిపోతున్నాయని 1970లలో అంతర్జాతీయ వ్యాపారం నిషేధించారు. ఇప్పుడన్నీ నైలాను, ప్లాస్టిక్కు రకాలు. మామూలు గిటారుకి అర మిల్లీమీటరు మందం బిళ్ళ సరిపోవచ్చు కానీ బేస్ తీగ ముందు అది అప్పడంలా వంగిపోతుంది. ఒక మిల్లీమీటరో అంతకన్నా ఎక్కువో ఉండాలి. అరడజను కొన్నాను. పక్కపిన్నుల జాతి ఇవి, ఉన్నచోట ఉండవు. ఒకటి వాషింగ్ మెషీన్లో తేలింది. ఒకటి పోపులపెట్టెలో మెంతుల గిన్నెలో దొరికింది. అక్కడికెలా వెళ్ళిందో ఆ భగవంతుడికే తెలియాలి.

చూపుడువేలు కాస్త వంచి, దాని పక్కభాగం మీద బిళ్ళ ఆనించి, పైన బొటనవేలు వెయ్యాలి. కొన మాత్రం కొంచెం బయటికి కనబడాలి. ఇంతే. ఒక్క నిమిషంలో చెప్పేశాడు, రెండు నెలలు పట్టింది. ఎందుకంటే లావు తీగ ఎదురు తిరిగిందనుకోండి, చెయ్యి దానంతటదే బిగుస్తుంది. బిగిస్తే మణికట్టు కదలదు, మోచేతినుంచి కొట్టాల్సి వస్తుంది, చప్పుడు కర్రతో కుండ కొట్టినట్టు ఉంటుంది. వదులుగా పడితే బిళ్ళ గిర్రున తిరిగి నేలమీద పడుతుంది. మామూలు వాళ్ళకి ఇది చప్పుడు బాగుండడానికి సంబంధించిన సంగతి. నాకు అలా కాదు. పిడికిలి బిగిస్తే మర్నాడు పొద్దున్నే నడిమివేలు లేవదు. "ఆ వేలికి పని లేకపోతే వాయించుకోండి, కానీ నొప్పి మొదలైతే అదీ కట్టిపెట్టెయ్యాలి" అని డాక్టరుగారు ముందే గీత గీశారు. అంటే ఆ పట్టు దొరకకపోతే ఇదీ మూలన పడుతుంది. అప్పుడు చూడకూడని మూలలు రెండవుతాయి.

"గట్టిగా పట్టుకోకండి ఆంటీ, జారనివ్వకండి" అని కుర్రాడు పాట పాడినట్టు చెప్తూనే ఉండేవాడు. పాపం, అంతకన్నా ఎలా చెప్తాడు! అది చేతికి తెలియాల్సిన సంగతి.

చేతికి ఎక్కడ తెలిసిందంటే, వాకిట్లో. ముగ్గు వేస్తున్నాను. ముగ్గుపిండి ఎలా పడతాం? చూపుడువేలి పక్కన పిండి నిలుపుకుని పైనుంచి బొటనవేలితో రాస్తూ వదులుతాం. నొక్కితే పిండి రాలదు, వదిలేస్తే కుప్ప పడుతుంది. చేతిలో మిగతా వేళ్ళకి పనే లేదు, వాటి మానాన అవి ముడుచుకుని ఉంటాయి. కదిలేది మణికట్టు. యాభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే చేస్తున్న పని! చేతులు కడుక్కోకుండానే లోపలికి వచ్చి బిళ్ళ పట్టుకున్నాను. వేళ్ళకి అంటిన పిండి వల్ల జారకుండా నిలిచింది కూడా. ఆ సాయంత్రం కుర్రాడు వచ్చి చూసి, "ఎవరు చెప్పారు ఆంటీ?" అన్నాడు. చుక్కల ముగ్గు చెప్పిందన్నాను. వాళ్ళమ్మగారిని అడిగి తనూ ఒకసారి వేసి చూస్తానన్నాడు.

పట్టు దొరికాక మీటు. గిటారు వాళ్ళు కిందికి ఒకటి, పైకి ఒకటి మార్చి మార్చి మీటుతారు, డౌన్ అనీ అప్ అనీ అంటారు. కింది మీటుకి చేతి బరువే సాయం, ముద్దగా పలుకుతుంది. పై మీటు పీలగా, కోడలు అత్తగారికి జవాబు చెప్పినట్టు వస్తుంది. రెండూ ఒకేలా వినబడాలి, వినేవాళ్ళకి ఏది ఏదో తెలియకూడదు. వీణ చేతికి ఇది మరీ కష్టం. వీణ మీద పాట పలికించే రెండు వేళ్ళూ కిందికే మీటుతాయి, పైకి మీటడం తాళం తీగల మీద చిటికెనవేలి ఉద్యోగం. యాభై ఏళ్ళలో చూపుడువేలు ఎప్పుడూ ఎరగని దిక్కు అది.

ఫోనులో తాళం వేసే యంత్రం ఒకటి పెట్టుకోవచ్చు, మెట్రోనోమ్ అంటారు. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుని, ఒకటో కాలంలో దెబ్బకొక మీటు, రెండో కాలంలో రెండు. మీట్లు సంగీతంలా కాకుండా రోకటి పోటులా ఉండాలి, అంత సమంగా. ఒకే తీగ, ఒకే స్వరం, పావుగంట. పనిమనిషి గిన్నెలు తోముతూ, "ఈ పాట ఎప్పటికి అవుద్దమ్మా?" అని అడిగింది. అవ్వదమ్మా, అదే దాని గొప్ప అన్నాను. బిళ్ళని తీగకి బల్లపరుపుగా పెడితే తట్టుకుంటుంది. కొంచెం వాలిస్తే జారిపోతుంది, మరీ వాలిస్తే గీరుతుంది. కొన ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి తీగ కిందికి దిగకూడదు. ఇవన్నీ వారానికొకటి చొప్పున చేతికి దొరికాయి.

ఇక మోగించడం కన్నా మోగకుండా చూడడం పెద్ద పని. ఒక తీగ మీటితే పక్కవి ఊరుకోవు. ఒక పిల్ల ఏడిస్తే తరగతంతా ఏడ్చినట్టు అన్నీ అందుకుంటాయి. అందుకని కుడి అరచేతి అంచుని తీగల్ని మోసే గుర్రం పక్కన ఆనించి ఉంచాలి, ఎడంచేతి ఖాళీ వేళ్ళు కూడా తీగల మీద తేలిగ్గా వాలి ఉండాలి. వీణ మీద స్వరం ఎంతసేపు నిలిస్తే అంత సొగసు, ఇక్కడ సరిగ్గా ఎప్పుడు ఆగాలో అప్పుడు ఆగడం సొగసు. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ పాటలు వేరేగా వినబడుతున్నాయి. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు మనందరికీ కంఠతా వచ్చినవే కదా, ఇప్పుడు వాటిని అడుగున నడిచే గిటారు కోసం మళ్ళీ విన్నాను. ఇళయరాజాగారు అక్కడ ఇంకో పాట దాచిపెట్టారు!

ఒకరోజు కుర్రాడు ఫోనులో ఒక పెద్దావిడ వాయించే వీడియో చూపించాడు. కళ్ళజోడు, పొట్టి జుట్టు, మన హెడ్‌మిస్ట్రెస్ గారిలా ఉన్నారు. పేరు కేరల్ కే. 1935లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టారు. సంగీతం తెలిసిన బీద ఇల్లు. పద్నాలుగో ఏటికే గిటారు పాఠాలు చెప్పి ఇంటికి డబ్బు తెచ్చేవారట. ఆవిడ వాయించేది మామూలు గిటారే. 1963లో హాలీవుడ్‌లో ఒక రికార్డింగుకి బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. ఆ చేతిలో వాయిద్యం ఈ చేతిలోకి వచ్చింది. కరెంటు బేస్ అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. మనిషంత ఎత్తున్న పాత బేస్ మొయ్యలేక, డోళ్ళ మధ్య వినబడక వాద్యగాళ్ళు అవస్థ పడుతుంటే లియో ఫెండర్ అనే ఆయన 1951లో కాలిఫోర్నియాలో తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. మెట్లు ఉండబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు.

కేరల్ కే గిటారు మనిషి కనక బేస్‌నీ పిక్‌తోనే వాయించారు. తాళం మీద పడే స్వరానికి కింది మీటు, తాళాల మధ్య పడేదానికి పై మీటు. తీగల మీద గుర్రం దగ్గర మడతపెట్టిన ఫెల్టు ముక్క అతికించి అనవసరపు మోత అణిచేవారు. పిల్లల్ని, తల్లిని పోషించుకుంటూ ఒక స్టూడియోనుంచి ఇంకో స్టూడియోకి పరుగులు. ఆవిడ లెక్కలో పదివేల రికార్డింగుల దాకా ఉన్నాయి. 1966లో వచ్చిన బీచ్ బాయ్స్ వారి 'పెట్ సౌండ్స్' లోనూ, 'మిషన్ ఇంపాజిబుల్' టీవీ సీరియల్ మొదట్లో వచ్చే సంగీతంలోనూ ఆ చెయ్యి ఉంది. రికార్డు అట్టల మీద మాత్రం ఆ రోజుల్లో వాయించినవాళ్ళ పేర్లు సాధారణంగా వేసేవాళ్ళు కాదు. దశాబ్దాల పాటు జనం విన్నారు, ఎవరిదో తెలీకుండా. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు గౌరవం ఇస్తామంటే ఆవిడ అక్కర్లేదన్నారు. తొంభయ్యో ఏట! నాకైతే ఆ కబురు విన్నప్పుడు పదివేల రికార్డింగుల కన్నా అదే ఎక్కువ నచ్చింది. ఎవరికైనా అలా అనిపిస్తుందో లేదో గాని.

ఫెల్టు ముక్క మా ఇంట్లో ఎక్కడుంటుంది? మనవడి పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి మడిచి పెట్టాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

ఏడో నెల వచ్చేసరికి ఒక్క గండం మిగిలింది, తీగ మారడం. లావు తీగని కిందికి మీటితే బిళ్ళ దానికీ పక్కతీగకీ మధ్యకి వచ్చి ఆగుతుంది. తరవాత స్వరం ఆ పక్కతీగ మీద, అదీ పై మీటుతో. అంటే దాన్ని తాకకుండా దాటి అవతలికి వెళ్ళి వెనక్కి రావాలి. పెళ్ళిబంతిలో విస్తళ్ళ మధ్య పులుసు బకెట్టుతో అడుగు వేసినట్టు. మొదట్లో మణికట్టు అంతా ఎగిరేది, ఇప్పుడు కాస్త తిరుగుతుందంతే.

మా ఎదురింటి పిల్ల ఆరో తరగతి, వీణ నేర్చుకుంటోంది. ఇంట్లో వాయిద్యం లేదు, టీచరుగారింట్లో వారానికి రెండు పూటలు. ఒకరోజు నా సాధన వినడానికి వచ్చి, మూలనున్నది ఏమిటని అడిగింది. గవిసెన తీశాను. నాలుగేళ్ళ తరవాత. మైనం కొంచెం పగిలి రెండు మెట్లు కదిలాయి గాని, గొంతు అలాగే ఉంది. మెట్లు వేసే ఆయన్ని పిలిపించి బాగుచేయించి, మూడు శ్రుతికి సరిచేశాను. మూడు శ్రుతి అయితే నా బేస్ అడుగు తీగ ఉన్నది ఉన్నట్టుగా షడ్జమం, పక్కతీగ రెండో మెట్టు పంచమం. షడ్జమం కింది మీటు, పంచమం పై మీటు, సరిగ్గా ఆ గండం దాటాల్సిన చోటే.

ఆ పిల్ల మలహరిలో 'శ్రీ గణనాథ' గీతం వాయిస్తుంది. ఇంకా అదే పాఠం. నేను అడుగున షడ్జమం, పంచమం నడుపుతాను. ఇది శాస్త్రానికి ఒప్పా అని అడిగే పెద్దలు అడగొచ్చు. పిల్లకి తాళం తప్పడం లేదు, అది చాలు. నడిమివేలు పొద్దున్నే ఎప్పుడైనా మొరాయిస్తుంది, వేడినీళ్ళలో పెడితే లేస్తోంది. డాక్టరుగారు గీసిన గీత ఇంకా దాటలేదు.

మొన్న సాయంత్రం మేమిద్దరం మొదలుపెట్టగానే వంటింట్లోంచి జుయ్‌య్ మని ఏదో మోత. ఆపితే ఆగుతుంది, షడ్జమం మీటితే మళ్ళీ వస్తుంది. పిల్ల పకపకా నవ్వుతోంది. మావారు పేపరు పక్కన పెట్టి లోపలికి వెళ్ళారు. స్టాండులో ఒక్కొక్క గిన్నే తాకి చూస్తున్న చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు వినబడింది.

"దొరికిందోయ్, ఇత్తడి తప్పేలా మూత. అరచెయ్యి పెట్టి పట్టుకున్నాను. ఇక వాయించండి!"